రోగిణి పక్కన భర్త: తెలుగు కథనాలలో కీమోథెరపీ కాలపు కుటుంబం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

భర్తకు జబ్బు చేసినప్పుడు భార్య చేసే శుశ్రూషను తెలుగు కథనసంప్రదాయం వివరంగా చిత్రించింది. భార్యకు జబ్బు చేసినప్పుడు మాత్రం భర్త చేసిన ఒక మహాత్యాగాన్నో, అతని దుఃఖాన్నో చెప్పి ఊరుకొంది. కీమోథెరపీ కోరేది ఈ రెండింటిలో ఏదీ కాదు. నెలల తరబడి మూడు వారాలకొకసారి మళ్ళీ మొదలయ్యే చిన్న పనుల వరుసను అది కుటుంబం ముందుంచుతుంది. మార్కండేయపురాణంలోని కౌశికుని భార్య కథ, నన్నయ ఆదిపర్వంలోని రురుని కథ, బుచ్చిబాబు నవల, 1981–1993 మధ్య వచ్చిన మూడు చలనచిత్రాలు ఆధారంగా ఈ లోపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రామచంద్రపురంలోని ఒక ఇంటి అనుభవాన్ని వాటి పక్కన ఉంచి చదువుతుంది.

కీలకపదాలు: కీమోథెరపీ, శుశ్రూష, భర్త, కుటుంబం, రురుడు, బుచ్చిబాబు, యల్లాప్రగడ సుబ్బారావు, రామచంద్రపురం.

1. ఉపోద్ఘాతం:

క్యాన్సర్ అనే మాటను తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ సూటిగా పలకరు. పాతకాలపు పెద్దలు రాచపుండు అన్నారు, పుట్టకురుపు అన్నారు. ఇప్పటివారు 'ఆ జబ్బు' అంటారు. చికిత్సకు మాత్రం జనం జంకు లేకుండా పేర్లు పెట్టుకొన్నారు. రేడియేషన్ 'కరెంటు పెట్టడం' అయింది. కీమోథెరపీ 'కీమో ఎక్కించడం' అయింది. డాక్సోరూబిసిన్ తన రంగును బట్టి 'ఎర్రమందు' అయింది. తెల్లకణాలు తగ్గితే 'కౌంటు పడిపోయింది' అంటారు. ఈ మాటలను తయారుచేసినవారు వైద్యులూ కారు, నిఘంటుకారులూ కారు. ఆసుపత్రి వరండాలో టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకొని కూర్చొన్న బంధువులు. జబ్బు పేరు చెప్పడానికి వెనుదీసిన నోళ్ళే చికిత్సను ఇంత చనువుగా పిలిచాయంటే, ఆ కుటుంబాలు రోజూ బతుకుతున్నది చికిత్సలోనే కనుక అని భావించవచ్చు.

సాహిత్యంలో పరిస్థితి తలకిందులుగా ఉంది. అక్కడ జబ్బు కనిపిస్తుంది, చికిత్స కనిపించదు. జబ్బు తెలిసిన క్షణం ఉంటుంది, మరణశయ్య ఉంటుంది. ఆ రెంటి నడుమ గడిచే నెలలు ఉండవు.

ఈ పరిశీలనకు ప్రేరణ గ్రంథాలయంలో పుట్టినది కాదని ముందుగా చెప్పుకోవాలి. నా నివాసం రామచంద్రపురం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో చేరిన ఈ పట్టణం నుంచి కాకినాడకు గానీ రాజమహేంద్రవరానికి గానీ పెద్ద వైద్యానికి వెళ్ళడం మావాళ్ళకు అలవాటు. నా భార్యకు రొమ్ము క్యాన్సరని తేలిన తరువాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతల కీమో జరిగింది. ఆ నెలల్లో నేను ఒక తెలుగు అధ్యాపకునిగా చేయగలిగిన పని ఒకటే చేశాను: ఇలాంటి భర్త మన కథల్లో ఎక్కడున్నాడా అని వెతికాను. పరిశోధనలో సొంత ఇల్లు చోటుచేసుకోవడం కొందరికి రుచించకపోవచ్చు. హార్వర్డు వైద్యమానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ అల్జైమర్స్ సోకిన తన భార్య జోన్‌కు చేసిన సంరక్షణను ఆధారంగా చేసుకొని 2019లో 'ది సోల్ ఆఫ్ కేర్' రాశాడు. 1988లోనే 'ది ఇల్‌నెస్ నెరేటివ్స్' రాసిన పండితుడు అతడు. రోగుల కథలను దశాబ్దాలపాటు విన్నవానికి కూడా ఇంట్లో చెయ్యవలసిన పని కొత్తగానే ఎదురైంది. నా వంటివాని సంగతి చెప్పేదేముంది?

మా ఇంటి చికిత్స ఫలితమేమిటో ఈ వ్యాసంలో చెప్పడం లేదు. చెబితే పాఠకుని చూపు అటే పోతుంది. నడిమి నెలలు మళ్ళీ మరుగున పడతాయి.

2. కౌశికుని భార్య చేతులు, రురుని చేతికర్ర:

మార్కండేయపురాణంలో కౌశికుడనే కుష్ఠురోగి కథ ఉంది. ఆ పురాణాన్ని తెనిగించినవాడు మారన. పురాణకాలక్షేపాల్లో సుమతిగా ప్రసిద్ధి పొందిన ఆ రోగి భార్య అతని కాళ్ళు కడుగుతుంది, ఒళ్ళు తుడుస్తుంది, మలమూత్రాలు, నెత్తురు శుభ్రం చేస్తుంది, తినిపిస్తుంది. చివరకు అతడు కోరిన వేశ్య ఇంటికి అతన్ని భుజాన మోసుకొని వెళుతుంది. దారిలో కొరత మీద ఉన్న మాండవ్యుని కాలు తగిలి శాపం పుట్టడం, ఆమె సూర్యోదయాన్ని ఆపడం, అనసూయ రావడం అందరికీ తెలిసినవే. ఈ కథలోని పాతివ్రత్యభావనను స్త్రీవాద విమర్శ ఎండగట్టింది, అది సరైనదే. ఆ విమర్శలో అంతగా చర్చకు రాని అంశం ఒకటుంది. రోగి శరీరానికి దగ్గరగా వెళ్ళి, చేతులు ఏం చేస్తున్నాయో చెప్పిన కథ ఇది. శుశ్రూష ఇక్కడ భావం కాదు, పని. ఆ పని చేసేది భార్య.

దీనికి ఎదురుగా నిలపదగిన కథను నన్నయ రాజమహేంద్రవరంలో, మా గోదావరి ఒడ్డునే తెనిగించాడు. ఆదిపర్వం ప్రథమాశ్వాసంలోని రురుని వృత్తాంతం అది. స్థూలకేశుని ఆశ్రమంలో పెరిగిన ప్రమద్వర పెళ్ళికి ముందే పాముకాటుతో మరణిస్తుంది. రురుడు అడవిలో విలపిస్తే, నీ ఆయుస్సులో సగమిస్తే ఆమె బతుకుతుందని దేవదూత చెబుతాడు. అతడు ఇస్తాడు. ఆమె లేస్తుంది. భార్య కాబోయే స్త్రీ కోసం పురుషుడు తన బతుకులో సగం ఇచ్చిన ఈ కథకు సావిత్రి కథకున్న ప్రచారంలో పదోవంతు కూడా దక్కకపోవడం విచారకరం. మన ఆడపిల్లలకు సావిత్రి పేరు ఉంది. మగపిల్లవానికి రురుడని పేరు పెట్టిన ఇల్లు నేనెరుగను.

అయితే ఈ కథను కీమో గది బయట కూర్చొని మళ్ళీ చదివినప్పుడు నాకొక సందేహం కలిగింది. ఆయుస్సు ఇవ్వడం ఒక్క క్షణంలో ముగిసిన పని. ఆ తరువాత కథ దంపతుల వెంట పోదు. రురుడు కర్ర పట్టుకొని కనబడిన పామునల్లా చంపుతూ అడవుల వెంట తిరుగుతాడు. విషం లేని డుండుభం ఎదురై మాట్లాడేదాకా ఆ పగ ఆగదు. మృత్యువు దాకా వెళ్ళి వచ్చిన ప్రమద్వర ఆ సమయంలో ఎలా ఉంది? ఎవరున్నారు ఆమె దగ్గర? కథకునికి ఆ ప్రశ్న తట్టలేదు. జబ్బు మీద యుద్ధానికి బయలుదేరిన భర్త జబ్బుపడిన మనిషి దగ్గర లేడు.

సుసాన్ సాంటాగ్ 1978లో వెలువరించిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్'లో క్యాన్సర్ చుట్టూ అల్లుకొన్న యుద్ధపరిభాషను తప్పుపట్టింది. ఆ పరిభాష రోగికి చేసే హాని ఆమె ప్రధాన విషయం. రురుని కథ దానికి మరొక కోణం చేరుస్తుంది: యుద్ధపరిభాష భర్తకు అనుకూలమైనది. యుద్ధం ఇంటి బయట జరుగుతుంది. మంచి డాక్టరెవరో కనుక్కోవడం, రిపోర్టులు పట్టుకొని మూడు ఊళ్ళు తిరగడం, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం వరుసలో నిలబడడం, అప్పు తేవడం – ఇవన్నీ అవసరమైన పనులే. నేనూ చేశాను. చేస్తున్నంతసేపూ ఎంతో చేస్తున్నాననే నమ్మకం కూడా కలిగింది. అవి పాములను చంపే పనులు.

మన పదజాలం కూడా ఈ తేడాను దాచలేదు. 'పతివ్రత' అనే మాటలో భర్తకు సేవ చేయడం ఇమిడి ఉంది. దానికి జతగా చెప్పే 'ఏకపత్నీవ్రతుడు' అనే మాటలో సేవ లేదు. ఇంకొకరి వైపు చూడకపోవడమే ఉంది. ఒకటి చేయవలసిన పనిని చెబుతుంది, రెండవది చేయకూడని దానిని చెబుతుంది.

3. నవలలో మనస్సు, తెర మీద త్యాగం:

ఆధునిక సాహిత్యంలో ఈ ప్రశ్నకు బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కీలకమైనది. కథానాయకుడు దయానిధి స్వయంగా వైద్యుడు. అతని భార్య ఇందిర క్షయతో మరణిస్తుంది. రోగిణి భర్తగా వైద్యుణ్ణే నిలిపిన నవలలో శుశ్రూషకు ఎంతో చోటు దొరకవలసింది. నవల ఆసక్తి మాత్రం దయానిధి అంతరంగం మీద, తల్లి గురించిన లోకాపవాదు మీద, ప్రేమించలేకపోవడమనే అతని వేదన మీద నిలిచింది. అందులో తెలుగు నవల సాధించిన లోతును తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. ఇందిర జబ్బు ఆ లోతుకు ఒక మెట్టుగా పనిచేసిందని మాత్రమే అంటున్నాను. భార్య దగ్గు భర్త ఆలోచనకు నేపథ్యధ్వని అయింది.

సాంటాగ్ క్షయకూ క్యాన్సర్‌కూ చూపిన తేడా ఇక్కడ ఉపయోగపడుతుంది. క్షయను కవులు సున్నితమైన ఆత్మల జబ్బుగా అందంగా ఊహించారు. క్యాన్సర్‌ను సిగ్గుపడి దాచారు. తెలుగు సినిమా ఒక చిత్రమైన పని చేసింది. క్యాన్సర్‌కు క్షయ అలంకారాలన్నీ తొడిగింది.

దాసరి నారాయణరావు 'ప్రేమాభిషేకం' (1981)లో నాయకుడు తన క్యాన్సర్‌ను దాచి, ప్రేమించిన అమ్మాయి తనను అసహ్యించుకొనేలా నటిస్తాడు. ప్రేమకు పరాకాష్ఠగా ప్రేక్షకులు నెలల తరబడి ఆదరించిన ఈ కథలో జరిగిందేమిటి? జబ్బుపడిన మనిషి తనకు సేవ చేయగల ఒకే మనిషిని బయటకు పంపించాడు. చూసుకోవడం, చూసుకోనివ్వడం రెండూ అవమానకరమైన విషయాలన్నట్టు త్యాగం వాటి స్థానాన్ని ఆక్రమించింది. మణిరత్నం 'గీతాంజలి' (1989)లో మరణం ఖాయమైన యువకుడు ఊటీకి వెళ్ళిపోతాడు. పొగమంచు ఉంది, ఆసుపత్రి బిల్లు లేదు. 'మాతృదేవోభవ' (1993) వీటికన్నా నేలకు దగ్గరగా ఉన్న చిత్రం. మలయాళ చిత్రం 'ఆకాశదూతు' దీనికి మూలం. ఇందులోని పాటకు వేటూరికి జాతీయ పురస్కారం దక్కింది. రక్తక్యాన్సర్ సోకిన తల్లి తన పిల్లలను ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి దత్తత ఇస్తుంది. ఆ సినిమా చూసి ఏడవని ఇల్లు మా వీధిలో లేదు. కాని ఆ కథ నడవాలంటే భర్త చనిపోవాలి, చనిపోతాడు. భర్త బతికి ఉండి, రోజూ ఇంట్లో తిరుగుతూ, రోగిణికి మందు అందిస్తూ ఉంటే ఆ మెలోడ్రామా నిలబడదు. రచయితలు తెలిసి చేసినా తెలియక చేసినా, శుశ్రూష చేసే భర్త కథకు అడ్డమని తేల్చారు.

వెండితెర మహానాయకుని నిజజీవితం కూడా ఇలాగే గుర్తుండిపోయింది. ఎన్.టి. రామారావు సతీమణి బసవతారకం 1985లో క్యాన్సర్‌తో మరణించారు. ఆమె పేరిట హైదరాబాదులో వెలసిన ఇండో–అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి 2000లో ప్రారంభమై వేలాది తెలుగు కుటుంబాలకు దిక్కయింది. ఈ ఉపకారం ముందు ఏ విమర్శా నిలవదు. లోకస్మృతి తీరును మాత్రం గమనించాలి: భార్య జబ్బుకు భర్త ఇచ్చిన సమాధానంగా మనకు గుర్తున్నది భవనం. జబ్బు నెలలు కాదు. రురుని అర్ధాయుష్షు వలెనే అది ఒక్కసారిగా ఇచ్చిన పెద్ద దానం.

4. మందు కనిపెట్టినవాని ఇల్లు:

కీమోథెరపీ తెలుగువారికి పరాయిది కాదు. దాని మొదటి పుటల్లోనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. లెడర్లీ ప్రయోగశాలలో అతని బృందం ఫోలిక్ ఆమ్లం మీద చేసిన కృషి నుంచి అమినోటెరిన్, ఆపైన మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోటెరిన్‌తో పసిపిల్లల ల్యుకేమియా తాత్కాలికంగానైనా తగ్గుముఖం పడుతుందని 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశాడు. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ కలిపి ఇచ్చే రొమ్ము క్యాన్సర్ చికిత్స ఫలితాలను మిలాన్‌లో బొనడొన్నా బృందం 1976లో వెలువరించింది. ఆ తరువాత చాలాకాలం ఎందరో భార్యల నరాల్లోకి ఎక్కిన మందులో ఒక పాలు గోదావరి జిల్లా మనిషిది.

అతడు 1919లో శేషగిరిని పెళ్ళాడాడు. ఆ తరువాత అమెరికా వెళ్ళాడు. తిరిగి రాలేదు. మన పాఠాల్లో, పత్రికల జయంతివ్యాసాల్లో సుబ్బారావు కథ మందుల జాబితాగా సాగుతుంది. శేషగిరి ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. నేను అతన్ని నిందించడం లేదు. లోకం కోసం పెద్ద పని చేసిన పురుషుడు ఇంట్లో లేకపోవడం మన జీవితచరిత్రలకు ఎంత సహజంగా తోస్తుందో చూపడానికే ఈ ప్రస్తావన. రురుడు అడవిలో ఉన్నంతకాలం ప్రమద్వర గురించి అడగని శ్రోతలమే మనం.

5. ఇరవై ఒక్క రోజులు:

కీమో కాలానికి తనదైన నడక ఉంది, అది కథకు ఒదగనిది. వేగంగా విభజన చెందే కణాలను ఆ మందు చంపుతుంది. క్యాన్సర్ కణంతోపాటు వెంట్రుక కుదురు, నోటి లోపలి పొర, పేగు పొర, ఎముకమజ్జ దెబ్బతింటాయి. మొదటి రోజుల్లో వాంతులు, తరువాత నోటిపూత. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లకణాలు అడుగంటుతాయి. మూడో వారంలో మనిషి తేరుకొంటుంది, ముఖానికి కళ వస్తుంది, ఆకలి అంటుంది. అప్పుడు మళ్ళీ మందు ఎక్కిస్తారు. మా ఊరికి కూతవేటు దూరంలోని ద్రాక్షారామం దక్షుని పేరుతో ముడిపడిన క్షేత్రం. ఆ దక్షుడే అల్లుడైన చంద్రునికి క్షయరోగం కలగాలని శపించాడు. శాపం పూర్తిగా తొలగలేదు, పక్షం తరగడం పక్షం పెరగడంగా మారింది. జబ్బును ఆరంభం–ముగింపుగా కాక ఆవృత్తిగా చెప్పిన కథ మనకు ఇదొక్కటే కాబోలు. అందులోనూ ఇరవై ఏడుగురు భార్యలు క్షీణించే భర్తతో ఎలా వేగారో ఎవరూ రాయలేదు.

మొదటి విడతకు మా అక్క వచ్చి మూడు రోజులుండి వెళ్ళింది. నాలుగో రోజున నా భార్య లేచి అన్నం వండింది. నేను పక్కన నిలబడి ఆమెకు అడ్డం రాకుండా ఉండడమే సాయమనుకొన్నాను. అంతకన్నా నాకేమీ తెలియదు. పోపు వాసన ఆమెకు పడదని, ఇంగువ అసలు పడదని, పెసరకట్టు పలచగా కాచి చల్లార్చి ఇవ్వాలని, నోరు పూసినప్పుడు ఉప్పు సగం తగ్గించాలని తెలుసుకోవడానికి రెండో విడత పట్టింది. అనపర్తి దగ్గరి పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలను నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆడవాళ్ళ ఇంటితెలుగును ఆయన పట్టుకొన్నంత నేర్పుగా మరొకరు పట్టుకోలేదని విద్యార్థులతో రాయించాను. ఆ తెలుగు పని నుంచి పుట్టిందని, ఆ పని చేతకానివానికి ఆ మాటలు సగమే అర్థమవుతాయని ఇప్పుడు తోస్తోంది.

ఇంట్లో మిగిలినవారి సంగతి. ద్రాక్షారామ భీమేశ్వరుని తీర్థం మా అమ్మ సీసాలో పట్టి తెచ్చింది. కౌంటు తక్కువగా ఉన్నప్పుడు కాచని నీరు తాగించవద్దని చెప్పారు. కోడలి నోట్లో తీర్థం పోయనివ్వని కొడుకును చూసి ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. చివరకు నా భార్యే, "కళ్ళకద్దుకొంటాను అత్తయ్యా, ఇలా ఇవ్వండి" అని ఆ చిక్కు విడదీసింది. జబ్బుతో ఉన్న మనిషే ఇంట్లోని తగవు కూడా తీర్చవలసి రావడం ఏ సినిమాలోనూ చూడలేదు.

జుట్టు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి విడత తరువాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది. పాశ్చాత్య రచనల్లో ఇది సౌందర్యనష్టంగా, స్వరూపనష్టంగా చర్చకు వచ్చింది. తెలుగు సాహిత్యం చదివినవానికి గుండు చేయించిన స్త్రీ తల మరొక అర్థాన్ని ఇస్తుంది. గురజాడ, వీరేశలింగం కాలం నుంచి ఆ తల వైధవ్యానికి గుర్తు. భర్త బతికి ఉండగా, నుదుట బొట్టుతో, గుండుతో ఉన్న స్త్రీని చూసే చూపు మన పాత కథల నుంచే వస్తుంది. ఆ చూపును ఎదుర్కొనే మరో అర్థం కూడా మన సంస్కృతిలోనే ఉంది: మొక్కు. తలనీలాలు ఇచ్చిన తలను ఎవరూ జాలిగా చూడరు. జుట్టు కుచ్చులుగా దిండు మీద పడిన ఉదయం నేను బజారులోని మంగలి దుకాణానికి వెళ్ళి గుండు చేయించుకొన్నాను. అడిగినవారికి ఇద్దరం మొక్కు తీర్చుకొన్నామని చెప్పాను. అది అబద్ధం. 'ప్రేమాభిషేకం' నాయకుడు చెప్పిన అబద్ధం మనిషిని దూరంగా పంపింది. ఈ అబద్ధం వల్ల ఆమె వీధి గుమ్మంలోకి వచ్చి కూర్చోగలిగింది. నేను ఆ ఆరు విడతల్లో చేసిన ఏకైక సాహిత్యపు పని ఇదే అనుకొంటాను.

6. రోజుపట్టీ:

ఆసుపత్రిలో మొదటి రోజునే ఒక పుస్తకం పెట్టుకొమ్మన్నారు. ఉదయం, సాయంత్రం జ్వరం చూసి రాయాలి. 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్, తాకితే అర్ధరాత్రయినా బయలుదేరి రావాలి. ఏం తిన్నది, ఎన్ని వాంతులు, విరేచనం అయిందా, నోరెలా ఉంది. ఇంటింటికీ ఇలాంటి పుస్తకాలు ఉంటాయి. బియ్యం పద్దుల పుస్తకాల్లో, పాత డైరీల్లో, పిల్లల నోట్సుల వెనక పేజీల్లో రాసినవి. చికిత్స ముగిశాక వాటిని పారవేస్తారు, లేదా చూడలేక అటక మీద పడేస్తారు. మూడు వారాల ఆవృత్తిని మూడు వారాల ఆవృత్తిగానే నమోదు చేసిన తెలుగు వచనం ప్రస్తుతానికి నాకు తెలిసినంతలో ఇదే. దీన్ని సాహిత్యమనాలని వాదించను. కాని మౌఖిక కథనాలను, స్త్రీల పాటలను సేకరించిన మన విశ్వవిద్యాలయాలు ఈ పుస్తకాలను కూడా, కుటుంబాల అనుమతితో, పేర్లు తొలగించి, సేకరించవలసిన పాఠ్యాలుగా గుర్తించాలి.

మా ఇంటి పుస్తకంలో మొదటి విడత అంతా నా చేతిరాత, అంకెలే ఎక్కువ. రెండో విడత నుంచి వంటసంగతులు చేరాయి. మూడో విడతలో నాకు పరీక్షపత్రాల పని పడడంతో మా అమ్మాయి రాసింది. వాళ్ళమ్మ నవ్విన రోజున పేజీ అంచున చిన్న గీత పెట్టేది, ఎందుకో అడిగితే చెప్పలేదు. అయిదో విడత పదో రోజు పేజీలో మాత్రం అంకెల కింద నా భార్య చేతిరాత ఉంది. మూడే వాక్యాలు. కట్టులో ఉప్పు ఎక్కువైంది. ఆయన మూడు రాత్రులుగా నిద్రపోలేదు. వదినను రమ్మనాలి.

ఆ పేజీని నేను చూసింది చాలా నెలల తరువాత. మా అక్క ఆ మరునాడు పొద్దున్నే వచ్చిన మాట గుర్తుంది. తనంత తానే వచ్చిందనుకొన్నాను.